ఫెయిలైన బోరుకు వరసలో చోటెక్కడ?

అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం వైపు, పక్కపక్కనే రెండు ఊళ్లు అనుకుందాం. పేర్లు వద్దు. ఒకటి పై ఊరు, ఇంకొకటి కింది ఊరు. అంకెలు కూడా లెక్క కోసం వేసుకున్నవే. ఊరికి ఏడేసి బోర్లు, ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయన్నది లెక్క.

పై ఊరు: 280, 340, 360, 420, 450, 610. ఏడోది 900 దాకా వేసి వదిలేశారు.

కింది ఊరు: 310, 380, 490, 560. మిగతా మూడింట్లో దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. ఒకటి 700 దగ్గర, ఒకటి 800 దగ్గర, ఒకటి 1000 దగ్గర ఆపేశారు.

ఏ ఊళ్లో నీళ్లు ఎక్కువ లోతుకు పోయాయి? కాస్త లెక్క తెలిసినవాళ్లు సగటు జోలికి పోరు, మధ్యగతం తీస్తారు. అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి నడిమిది చూస్తారు. ఇందులో తప్పు జరగడానికి ఏముంది అనిపిస్తుంది కానీ, ఇదే పని ముగ్గురికి అప్పజెప్పి చూడండి.

మొదటివాళ్లు ఫెయిలైన బోర్లను పక్కన పెడతారు. నీళ్లే పడనప్పుడు నీళ్లు పడిన లోతు ఎక్కడిది అని వాళ్ల వాదన. పై ఊరికి ఆరు మిగిలాయి, నడిమి రెండు 360, 420, వాటి సగం 390. కింది ఊరికి నాలుగే మిగిలాయి, నడిమి రెండు 380, 490, వాటి సగం 435. తేడా 45 అడుగులు. రెండోవాళ్లు నీళ్లు లేవు కాబట్టి 0 అని రాస్తారు. పై ఊరి వరస 0, 280, 340, 360 అని మొదలవుతుంది, మధ్యగతం 360. కింది ఊరి వరస 0, 0, 0, 310, మధ్యగతం 310. అంటే మూడు బోర్లు ఎండిన ఊళ్లోనే నీళ్లు 50 అడుగులు పైన ఉన్నాయట! మూడోవాళ్లు ఫెయిలైనవాటిని వరస చివర కూర్చోబెడతారు. పై ఊరికి నాలుగోది 420, కింది ఊరికి నాలుగోది 560. తేడా 140.

అవే పద్నాలుగు బోర్లు, అదే మధ్యగతం. ఒకరికి 45 అడుగులు కింద, ఒకరికి 50 అడుగులు పైన, ఒకరికి 140 అడుగులు కింద. చిన్న గుంపుల్ని పోల్చేటప్పుడు కొంపలు ముంచేది సూత్రం కాదు, వరసలోకి ఎవరిని రానిచ్చాం, ఎక్కడ కూర్చోబెట్టాం అన్నది. వెయ్యి బోర్లున్నప్పుడు నాలుగు జారిపోయినా పెద్దగా తెలియదు. ఏడింట్లో మూడు జారిపోతే ఊరి కథే మారిపోతుంది.

ఈ ముగ్గురిలో మూడోవాళ్లదే సరైన లెక్క. 900 అడుగుల దాకా పోయినా నీళ్లు పడలేదంటే ఆ బోరు గురించి మనకు ఏమీ తెలియదని కాదు. నీళ్లంటూ ఉంటే అవి 900 కంటే కిందే ఉన్నాయని తెలుసు. సగటుకు ఆ సమాచారం చాలదు, దానికి కచ్చితమైన అంకె కావాలి. మధ్యగతానికి చాలు, ఎందుకంటే చివరివాళ్లు ఎంత దూరంలో ఉన్నారని అది అడగదు, నడిమివాడికి ఏ పక్కన ఉన్నారనే అడుగుతుంది. 900 బదులు 9,000 వేసినా 420 కదలదు. మధ్యగతాన్ని ఎంచుకోవడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. పెద్ద అంకెల ప్రభావం తగ్గుతుందన్నది దాని తర్వాత.

దీనికి రెండు హద్దులున్నాయి. సగానికి మించి ఫెయిలైతే, అంటే కింది ఊళ్లో ఏడింటికి నాలుగు ఎండితే, మధ్యగతానికి అంకె ఉండదు. ఆ నాలుగింట్లో తక్కువ లోతున ఆపింది 700 అయితే "700 అడుగులకు పైమాటే" అని రాయాలి, అక్కడితో ఆపాలి. రెండోది ఇంకా చిక్కు. డబ్బులు అయిపోయి 300 అడుగులకే ఆపేసిన బోరు ఒకటుందనుకోండి. అది 300 కంటే ఎక్కువ అని తెలుసు గానీ 350యో 800యో తెలియదు, కాబట్టి నడిమివాడికి ఏ పక్కన కూర్చోబెట్టాలో తెలియదు. దాన్ని చివరికి నెట్టడం కూడా తప్పే. ఇలాంటి సగం తెలిసిన అంకెల కోసమే కాప్లాన్, మయర్ అనే గణాంకవేత్తలు 1958లో ఒక పద్ధతి ఇచ్చారు. ఆసుపత్రుల్లో రోగులు ఎన్ని నెలలు బతికారనే లెక్కలకు వాడేది అదే. బోరు లోతుకూ అక్షరాలా సరిపోతుంది. పైన ఇచ్చిన అంకెల్లో ఆ చిక్కు లేదు. ఫెయిలైనవన్నీ రెండు మధ్యగతాలకూ బాగా కిందికి పోయినవే.

ఎక్సెల్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. గడిలో "ఫెయిల్" అని అక్షరాల్లో రాసినా, ఖాళీగా వదిలినా మీడియన్ (మధ్యగతం) ఫార్ములా దాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేసి మిగతావాటికే లెక్క కడుతుంది, ఎర్ర గుర్తు కూడా చూపదు. అంటే మీకు తెలియకుండానే మొదటివాళ్ల లెక్క చేసినట్టు. సున్నా రాస్తే మాత్రం లెక్కలోకి తీసుకుంటుంది, అప్పుడు రెండోవాళ్ల లెక్క. చేయాల్సింది ఇది: లోతు గడిలో 9999 లాంటి అంకె వేయండి, పక్క గడిలో "నీళ్లు పడ్డాయి / పడలేదు, ఇన్ని అడుగులకు ఆపాం" అని వేరుగా రాయండి. ఆ 9999 ఉన్న వరసకు పొరపాటున కూడా సగటు తీయొద్దు.

లెక్కకు ముందు ఇంకో మాట. ఏడు బోర్లు అంటే నిజంగా ఏడేనా? ఒకే రైతు ఒకే నాలుగెకరాల్లో మూడు వేసి ఉంటే అవి మూడు సాక్ష్యాలు కావు, ఒకే సాక్ష్యం మూడు సార్లు. అనంతపురం రాతినేలలో నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి. పగులు తగిలితే పంట పండినట్టు, తగలకపోతే పది గజాల పక్కనే దుమ్ము. ఒకే పగులు మీద వేసిన మూడు బోర్లు ఒకదానికొకటి చుట్టాలే. అలాగే ఒక ఊరి బోర్లు మంచి వానలు పడిన ఏడాదివి, ఇంకో ఊరివి వరసగా మూడేళ్ల కరువు తర్వాతవి అయితే, మీరు పోలుస్తున్నది ఊళ్లను కాదు, ఏళ్లను. ఇక బోరు వేసిన లోతు వేరు, నీళ్లు పడిన లోతు వేరు, మోటారు దింపిన లోతు వేరు. రిగ్గు బిల్లు చూసి రాసుకుంటే మొదటిది వస్తుంది, రైతును అడిగితే మూడోది చెప్పొచ్చు. రెండు ఊళ్లలోనూ ఒకే ప్రశ్న అడగకపోతే కింద చెప్పబోయే లెక్కంతా దండగ.

ఇవన్నీ సరిచూసుకున్నాక 140 అడుగుల తేడా చేతికొచ్చింది. మన దగ్గర చాలా ప్రాజెక్టు రిపోర్టులు ఇక్కడే ఆగిపోతాయి. నా అభ్యంతరమూ ఇక్కడే. ఏడు అంకెల్లోంచి తీసిన మధ్యగతం ఒక్క బోరు మాట. పై ఊళ్లో ఆ 420 బోరు వేయకుండా, ఇంకెవరో 500కు నీళ్లు పడేలా వేసి ఉంటే మధ్యగతం 450 అయ్యేది. అది ఎంత కదలగలదో చెప్పకుండా తేడా చెప్పడం తక్కెడ ముల్లు ఊగుతుండగానే తూకం రాసుకోవడం లాంటిది.

ఎంత కదులుతుందో చెప్పడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, రూపాయి బిళ్ల ఆలోచన చాలు. ఊరి మొత్తానికి అసలు మధ్యగతం ఒకటుంది, అది మనకు తెలియదు. గుడ్డిగా ఎంచుకున్న ఏ బోరైనా దానికి పైన ఉండే అవకాశం సగం, కింద ఉండే అవకాశం సగం. ఏడుకు ఏడూ ఒకే పక్కన పడాలంటే రూపాయిని ఏడు సార్లు ఎగరేసి ఏడు సార్లూ బొమ్మే పడటమో, ఏడు సార్లూ బొరుసే పడటమో జరగాలి. అది 128లో 2 సార్లు. కాబట్టి అతి చిన్నదానికీ అతి పెద్దదానికీ మధ్య అసలు మధ్యగతం చిక్కే అవకాశం 98.4 శాతం. చివరివి రెండూ వదిలి రెండోదాని నుంచి ఆరోదాని దాకా తీసుకుంటే 87.5 శాతం. ఇదే లెక్కన అయిదు అంకెలుంటే ఈ చివర నుంచి ఆ చివరకు 93.75, ఆరుంటే 96.9. ఎనిమిదింట్లో రెండోది నుంచి ఏడోది దాకా 93, తొమ్మిదింట్లో రెండోది నుంచి ఎనిమిదోది దాకా 96.1, పదింట్లో రెండోది నుంచి తొమ్మిదోది దాకా 97.9. మూడే అంకెలుంటే మొత్తం పరుచుకున్నా 75 శాతమే. మూడు అంకెలకు మధ్యగతం తీసి ఇంకో మూడింటితో పోల్చేవాళ్లు ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

మన ఊళ్లకు వేస్తే పై ఊరి మధ్యగతం 340 నుంచి 610 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, కింది ఊరిది 380 నుంచి 800 పైదాకా. అది కూడా 87.5 శాతం నమ్మకంతోనే. 140 అడుగుల తేడా ఇప్పుడు కాస్త చిన్నబోయి కనిపిస్తుంది. అయితే రెండు పరిధులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి కాబట్టి తేడా లేదని తేల్చేయడం ఇంకో తొందర. పరిధులు కొంత కలిసినా తేడా నిజంగా ఉండొచ్చు. తేడాను తేడాగానే కొలవాలి.

దానికి జతలు కట్టాలి. కింది ఊరి ప్రతి బోరునూ పై ఊరి ప్రతి బోరుతో పోటీకి నిలబెట్టండి. ఏడేళ్లు నలభై తొమ్మిది పోటీలు. కింది బోరు ఎక్కువ లోతైతే దానికి గెలుపు. 310 ఒక్కదాన్నే గెలుస్తుంది, 280ని. 380 మూడింటిని గెలుస్తుంది. 490 అయిదు, 560 అయిదు. ఫెయిలైన మూడూ నీళ్లు పడిన ఆరింటినీ గెలుస్తాయి, తలా ఆరు. మొత్తం 32 గెలుపులు, 14 ఓటములు. మిగిలిన మూడు పోటీలు ఫెయిలైనదానికీ ఫెయిలైనదానికీ మధ్య, అవి తేలవు, తలా సగం ఇస్తే 33.5.

ఊళ్ల మధ్య తేడాయే లేకపోతే 24.5 చుట్టూ రావాలి. 33.5 అంటే ఎక్కువే. కానీ ఏడేసి అంకెలున్నప్పుడు "ఇది అదృష్టం కాదు" అని మామూలుగా ఒప్పుకునే గీత 41 గెలుపుల దగ్గర ఉంది. తేడా లేకపోయినా ఏదో ఒక పక్కకు 41 గానీ అంతకు మించి గానీ వచ్చే అవకాశం వందకు అయిదు కంటే తక్కువ. తేలని మూడు పోటీలూ కింది ఊరికే ఇచ్చేసినా 35 దాటదు. అయిదేసి ఉన్నప్పుడు ఆ గీత 25లో 23, ఆరేసికి 36లో 31, ఎనిమిదేసికి 64లో 51. ఈ నాలుగు అంకెలూ గోడ మీద రాసిపెట్టుకోదగ్గవి. విల్కాక్సన్ అనే రసాయన శాస్త్రవేత్త 1945లో, మాన్, విట్నీ 1947లో ఇచ్చిన పరీక్ష లోపల ఉన్నది ఈ గెలుపుల లెక్కే.

కాబట్టి ఈ పద్నాలుగు బోర్లతో కింది ఊళ్లో నీళ్లు లోతుకు పోయాయని తేలలేదు. పోలేదనీ తేలలేదు. రెండో వాక్యం రాయడం చాలామంది మరిచిపోతారు. పి విలువ (తేడా లేకపోయినా ఇంత గానీ అంతకు మించి గానీ ఊరికే వచ్చే అవకాశం) పెద్దగా వస్తే "రెండు ఊళ్లూ సమానం" అని రాసి పడేస్తారు. తేలకపోవడం, సమానం కావడం ఒకటి కావు.

ఇక పీజీ ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే పొరపాటు. సాఫ్ట్‌వేర్‌లో మాన్-విట్నీ పరీక్ష మీట నొక్కి, "రెండు మధ్యగతాల మధ్య తేడా ఉన్నట్టు రుజువైంది" అని రాయడం. ఆ పరీక్ష మధ్యగతాలను చూడనే చూడదు, గెలుపులను లెక్కిస్తుంది. ఈ రెండు వరసలు చూడండి. మొదటిది 10, 20, 30, 50, 51, 52, 53. రెండోది 47, 48, 49, 50, 70, 80, 90. రెండింటి మధ్యగతమూ 50. గెలుపులు లెక్కపెట్టండి: 47, 48, 49 తలా మూడు, 50కి మూడున్నర, చివరి మూడింటికీ తలా ఏడు. మొత్తం 33.5. మధ్యగతాల తేడా 140 ఉన్న బోర్ల దగ్గరా 33.5, తేడా సున్నా ఉన్న ఇక్కడా 33.5. రెండు వరసలూ ఒకే ఆకారంలో ఉండి, ఒకటి కేవలం పక్కకు జరిగినట్టుంటేనే ఆ పరీక్ష ఫలితాన్ని మధ్యగతాల తేడాగా చదవొచ్చు. ఏడు అంకెలతో ఆకారం ఒకటేనని ఎవరు చెప్పగలరు? అందుకని గెలుపుల్ని గెలుపులుగానే చెప్పడం నిజాయితీ: "కింది ఊరి బోరును, పై ఊరి బోరును ఒక్కోటి తీస్తే, 49 జతల్లో 32 సార్లు కింది ఊరిదే లోతు." రైతుకైనా, కలెక్టరుకైనా అర్థమయ్యే వాక్యం.

బోర్లు మనం ఎంచుకుని వేసినవి కావు, ఉన్నవాటిని చూశాం. ప్రయోగం మనమే పెడితే లెక్క ఇంకా శుభ్రంగా ఉంటుంది. వేరుశనగలో జిప్సం (కాల్షియం ఇచ్చే ఖనిజం) వేస్తే దిగుబడి పెరుగుతుందా అన్నది తీసుకుందాం. కాయకు కావాల్సిన కాల్షియం వేరు నుంచి పైకి పోయి తిరిగి రాదు, ఊడ (పూత నుంచి నేలలోకి దిగే కాడ) దిగిన చోట మట్టిలోంచి కాయే నేరుగా పీల్చుకుంటుంది. అందుకే ఎకరాకు 200 కిలోల జిప్సాన్ని పూత, ఊడలు దిగే దశలో మొదళ్ల దగ్గర వేయమంటారు, కాల్షియం తగ్గితే తాలు కాయలు మిగులుతాయి. ఎనిమిది మళ్లు తీసుకుని, ఎనిమిది చీటీలు రాసి, నాలుగింటి మీద "జిప్సం" అని, నాలుగింటి మీద "ఖాళీ" అని వేసి కళ్లు మూసుకుని తీయాలి. బాగున్న మడికి జిప్సం వేసి, చవుడు మడిని ఖాళీగా వదిలితే తర్వాత ఏ లెక్కా ఆదుకోదు.

కోత దగ్గరా జాగ్రత్త కావాలి. పంట కోత ప్రయోగాల్లో లాగా 5 మీటర్లకు 5 మీటర్లు కొలిచి కోస్తే అది 25 చదరపు మీటర్లు, ఎకరాలో దాదాపు 162వ వంతు. ఎకరాకు 6 క్వింటాళ్లు పండే చోట ఆ మడిలో వచ్చేది 3.7 కిలోలే. తూకంలో 50 గ్రాములు అటూఇటూ అయితే ఎకరాకు 8 కిలోలు అటూఇటూ. పచ్చికాయ తూకం వేసి ఒక మడిని ఇవాళ, ఇంకో మడిని రెండు రోజుల ఎండ తర్వాత తూచితే తేడా జిప్సానిది కాదు, తేమది. తూకం ఆగేదాకా ఆరబెట్టి అన్నీ ఒకే రోజు తూచాలి.

ఖాళీ మళ్లు ఎకరాకు 5.1, 5.6, 6.0, 6.3 క్వింటాళ్లు ఇచ్చాయని, జిప్సం మళ్లు 5.8, 6.6, 6.9, 7.4 ఇచ్చాయని అనుకుందాం (ఇవీ వేసుకున్న అంకెలే). మధ్యగతాలు 5.8, 6.75. తేడా 0.95 క్వింటాలు. 2024-25 మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు, ఆ లెక్కన ఎకరాకు సుమారు 6,440 రూపాయలు. చూడ్డానికి బాగుంది.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న: జిప్సం వల్ల ఏమీ జరగకపోయి ఉంటే, చీటీలు ఇంకోలా పడి ఉంటే ఈ తేడా ఎన్నిసార్లు వచ్చేది? ఎనిమిది మళ్లలో నాలుగింటిని ఎంచడానికి 70 దారులు. డెబ్బయ్యీ కాగితం మీద రాయొచ్చు, గంట పని. ప్రతి దారికీ రెండు మధ్యగతాలు తీసి తేడా చూస్తే, జిప్సం వైపు 0.95 గానీ అంతకు మించి గానీ వచ్చేవి మూడే: పై నాలుగు మళ్లూ జిప్సానికి పడినప్పుడు, పై మూడింటితో పాటు 6.0 పడినప్పుడు, పై మూడింటితో పాటు 5.8 పడినప్పుడు. మూడోది మనకొచ్చినదే. అవతలి వైపూ మూడు. మొత్తం 70లో 6, అంటే 8.6 శాతం. గెలుపుల లెక్కలో అయితే జిప్సం 16లో 14 గెలిచింది, అంత గానీ అంతకు మించి గానీ ఏదో ఒక పక్కకు వచ్చేవి 70లో 8, అంటే 11.4 శాతం. పదహారులో పద్నాలుగు గెలిచినా అయిదు శాతం గీత దాటలేదు. నాలుగేసి మళ్లతో ఆ గీత దాటాలంటే 16కు 16 గెలవాల్సిందే. మూడేసి మళ్లతో అసలు దాటలేం. దారులే 20, అంతా మనకే అనుకూలంగా పడినా రెండు పక్కలూ కలిపి 20లో 2, అంటే 10 శాతం. ప్రయోగం పెట్టే ముందే ఓడిపోయిన ప్రయోగం అది. మూడు మళ్ల ప్రయోగానికి నెల రోజులు నీళ్లు కట్టే ముందు రెండు నిమిషాలు ఈ లెక్క వేసుకోవడం మంచిది.

తేడా ఎంత ఉండొచ్చన్నదీ ఈ జతల్లోంచే వస్తుంది. 16 తేడాలనూ వరసగా పేర్చితే అతి చిన్నది -0.5, అతి పెద్దది 2.3, నడిమి రెండు 0.9, 1.0. ఆ నడిమిదాన్నే తేడాకు అంచనాగా వాడమని 1963లో హాడ్జెస్, లీమన్ అనే గణాంకవేత్తలు చెప్పారు. ఇక్కడ అది 0.95, మధ్యగతాల తేడాతో కలిసిపోవడం యాదృచ్ఛికం, ప్రతిసారీ కలవదు. జిప్సం ప్రతి మడినీ ఒకే మేర పెంచుతుందని అనుకుంటే, నాలుగేసి మళ్లకు 97 శాతం పరిధి మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకు ఉంటుంది. రూపాయల్లో చెప్పాలంటే ఎకరాకు 3,390 నష్టం నుంచి 15,600 లాభం దాకా, ఇంకా జిప్సం ఖర్చు, కూలీ తీయకముందు. "6,440 లాభం" అన్న మాటకూ దీనికీ ఎంత దూరమో చూడండి.

దీనికంటే మెరుగైన దారి ఒకటుంది. ప్రతి రైతు పొలంలోనూ పక్కపక్కనే రెండు మళ్లు, ఒకటి జిప్సంతో, ఒకటి లేకుండా. అప్పుడు నేల తేడాలు కొట్టుకుపోతాయి. ఆరుగురు రైతుల దగ్గర ఆరింట్లోనూ జిప్సం మడే గెలిస్తే, ఊరికే ఆరూ ఏదో ఒక పక్కకే పడే అవకాశం 64లో 2, మూడు శాతం. అయిదుగురే అయితే 32లో 2, ఆరు శాతానికి పైన. కనీసం ఆరు అనడం అందుకే. కానీ జతలుగా పెట్టిన ప్రయోగాన్ని జతలుగానే చదవాలి. ముగ్గురు రైతుల ఖాళీ మళ్లు 4, 5, 9 ఇచ్చాయి, అదే వరసలో జిప్సం మళ్లు 5, 6, 3 ఇచ్చాయి అనుకోండి. ఖాళీ మధ్యగతం 5, జిప్సం మధ్యగతమూ 5, తేడా సున్నా. రైతు వారీగా తీస్తే తేడాలు +1, +1, -6, వాటి మధ్యగతం +1. మధ్యగతాల తేడా వేరు, తేడాల మధ్యగతం వేరు. జతలున్న చోట రెండోదే కావాలి. ఆ -6 వచ్చిన మడిలో ఏమైందో వెళ్లి చూడటం మాత్రం ఈ రెండింటికంటే ముఖ్యం.

మధ్యగతం ఎప్పుడూ నిలకడగా ఉంటుందన్న నమ్మకాన్ని కర్నూలు ఉల్లి వదిలిస్తుంది. మార్కెట్ యార్డులో కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు మోడల్ ధర అని ఒకటి రాస్తారు. అది మధ్యగతం కాదు, బాహుళకం, ఎక్కువ సరుకు పలికిన ధర. దాన్ని మధ్యగతం అనుకుని రెండు రోజులు పోల్చేవాళ్లున్నారు, అది వేరే గొడవ. మీరే తొమ్మిది లాట్ల ధరలు రాసుకున్నారనుకోండి. వానకు తడిసిన గడ్డ ఒక ధర, ఆరిన గడ్డ ఒక ధర. మొదటి రోజు 400, 450, 500, 550, 600, 1500, 1600, 1700, 1800. రెండో రోజు అన్నీ అవే, 600 పలికిన లాటు స్థానంలో 1400 లాటు వచ్చింది. మధ్యగతం 600 నుంచి 1400కు ఎగిరింది. సగటు 1011 నుంచి 1100కు, 89 రూపాయలే కదిలింది. నడుమ గుంత ఉన్న (ఇక్కడ మొదటి రోజు 600కూ 1500కూ మధ్య ధరే లేనట్టు) సరుకుకు మధ్యగతం గుంత అంచున నిలబడి ఉంటుంది. ఒక్క లాటు తోస్తే అవతలి గట్టున పడుతుంది. అలాంటి చోట మధ్యగతాలు పోల్చడమే మానేసి, తడి గడ్డ ఎన్ని లాట్లు, దాని ధరెంత, పొడి గడ్డ ఎన్ని లాట్లు, దాని ధరెంత అని విడదీసి చెప్పాలి. ఇంకా, 20 సంచుల లాటూ 300 సంచుల లాటూ వరసలో ఒక్కో చోటే ఆక్రమిస్తాయి. సరుకు ధర కావాలంటే సంచుల్ని వరసలో నిలబెట్టి నడిమి సంచి ఎంత పలికిందో చూడాలి, లాట్లను కాదు.

గుంత ఉందో లేదో తెలియాలంటే బొమ్మ గీయాలి. బాక్స్ ప్లాట్ (అంకెల్ని డబ్బాగా, గీతలుగా చూపే బొమ్మ) వద్దు. ఏడు అంకెలకు అయిదు గీతల డబ్బా గీయడం ఉన్నదాన్ని దాచిపెట్టడమే, పైగా పాతిక శాతం గీత ఎక్కడ పడాలో ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో దారి. గళ్ల కాగితం మీద రెండు గీతలు గీసి, ఒక్కో అంకెకూ ఒక్కో చుక్క పెట్టండి. ఫెయిలైన బోరు దగ్గర చుక్క బదులు కుడివైపుకు బాణం గుర్తు. అలాగే ఏడు అంకెల్ని 200-400, 400-600 అని తరగతులు చేసి, పదో తరగతిలో నేర్చుకున్న వర్గీకృత దత్తాంశం సూత్రం వేయకండి. అంకెలు కళ్ల ముందే ఉన్నప్పుడు వాటిని తరగతుల్లో పోసి మళ్లీ అంచనా వేయడం ఎందుకు?

ఇంతా చేశాక ఆ రెండు ఊళ్ల గురించి రిపోర్టులో రాయాల్సిన పేరా ఇలా ఉంటుంది. "పై ఊళ్లో 7 బోర్లు, 1 ఫెయిల్. కింది ఊళ్లో 7 బోర్లు, 3 ఫెయిల్. ఫెయిలైనవాటిని వరస చివర ఉంచి లెక్కించాం. నీళ్లు పడిన లోతు మధ్యగతం పై ఊళ్లో 420 అడుగులు (340 నుంచి 610), కింది ఊళ్లో 560 (380 నుంచి 800 పైన), పరిధులు 87.5 శాతానివి. 49 జతల్లో 32 సార్లు కింది ఊరి బోరే లోతు, 3 జతలు తేలలేదు. ఇన్ని బోర్లతో ఊళ్ల మధ్య తేడా ఉందనీ లేదనీ చెప్పలేం. కింది ఊళ్లో 700, 800 అడుగుల బోర్లు రెండూ ఒకే సర్వే నంబరులోవి, కాబట్టి అవి రెండు వేర్వేరు సాక్ష్యాలు కాకపోవచ్చు."